తిల్లానాకు అర్థమేమిటి?

2006వ సంవత్సరం మాఘమాసంలో మా మేనత్తగారు తన మనుమరాలిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పిల్లకు అప్పుడు పన్నెండేళ్ళు. ఐదేళ్ళుగా భరతనాట్యం నేర్చుకుంటున్నది. నెలాఖరుకు అరంగేట్రం. చేతిలో ఒక చీటీ ఉన్నది. దానిమీద వరసగా ఏడు పేర్లు: అలారిపు, జతిస్వరం, శబ్దం, వర్ణం, పదం, జావళి, తిల్లానా. ఒక్కొక్క అంశానికి ముందు సభలో చదివి వినిపించడానికి ఒక్కొక్క వాక్యం కావాలిట.

“మావయ్యా, నువ్వు పత్రికల్లో రాస్తావు గదా. నీకిదెంత పని!” అన్నది.

పొగడ్తకు లొంగనివాడెవడు? కలం తీశాను. అలారిపు తేలిగ్గానే వచ్చింది. అలరింపు అనే మన మాటే అరవంవారి నోట అలారిపు అయిందంటారు. సభను, గురువును, దేవుణ్ణి అలరించి మొదలుపెట్టడం. జతిస్వరమంటే జతులూ స్వరాలూ. వర్ణం సంగతి చెప్పనక్కరలేదు, కచేరీకి అది వెన్నెముక. పదమంటే క్షేత్రయ్య. జావళి అంటే పదానికి చెల్లెలు, కాస్త గడుసుది. ఆరు వాక్యాలు పది నిమిషాల్లో అయిపోయాయి. ఏడోదాని దగ్గర కలం ఆగింది.

“తిల్లానా అంటే అర్థం ఏమిటి మావయ్యా?”

“అర్థం లేదమ్మా. తక, ధిమి, తోం, తన, ధిరన... అన్నీ ఇల్లాంటి అక్షరాలే.”

“అర్థం లేకపోతే ఎందుకు పాడతారు?”

నేను జవాబు వెతుక్కుంటూ ఉండగా, చాపమీద కూచుని మా ఆవిడతోపాటు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అత్తయ్య తల ఎత్తకుండానే అన్నది:

“అర్థం లేకపోతే నన్నెందుకు కొట్టారు?”

మా ముగ్గురికీ ఏమీ బోధపడలేదు. “ఎవరు కొట్టారు అత్తయ్యా? ఎప్పుడు?” అంటే, “ముందు పిల్ల అడిగినదానికి చెప్పరా, నాది తర్వాత” అని మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది.

ఆ పిల్ల అడిగినదానికి ఆ పూట నేను సరిగా చెప్పలేకపోయాను. తర్వాత నాలుగు రోజులపాటు పుస్తకాలు తిరగవేసి, తెలిసినవారిని అడిగి, కూడబెట్టుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా పాట నేర్చుకునే పిల్లో ఆట నేర్చుకునే పిల్లో ఉండనే ఉంటుంది. ఏనాడో ఒకనాడు ఈ ప్రశ్న మీకూ ఎదురవుతుంది.

ముందు వస్తువు ఎల్లా ఉంటుందో చూద్దాం. కచేరీలో రాగం, తానం, పల్లవి ముగిసి, శ్రోతల్లో కొందరు ఉత్తరీయాలు సవరించుకుని చెప్పుల కోసం చూపులు పారించే వేళకు గాయకుడు తిల్లానా ఎత్తుకుంటాడు. లేవబోయినవాడు కూచుంటాడు. అంతసేపూ వెనక ఉన్న మృదంగం ఒక్కసారి ముందుకు వస్తుంది. పాటకు పల్లవి, అనుపల్లవి, చరణం ఉంటాయి, కీర్తనకు ఉన్నట్టే. కాని పల్లవిలోనూ అనుపల్లవిలోనూ మాటలుండవు, శబ్దాలే. చరణానికి వచ్చేసరికి మాత్రం ఒకటి రెండు పంక్తుల సాహిత్యం వస్తుంది. ఏ దేవుణ్ణో, ఏ రాజునో తలుచుకోవడం, చాలాసార్లు ఆ పంక్తుల్లోనే పాట కట్టినవారి ముద్ర. సంతకమన్నమాట. అది కాగానే మళ్ళీ జతులూ స్వరాలూ, మళ్ళీ పల్లవి.

ఈ శబ్దాలు ఎక్కడినుంచి వచ్చాయి? గాలిలోనుంచి రాలేదు. మృదంగం నేర్చుకునే కుర్రవాడికి గురువు మొదట చెప్పే పాఠం తా, ధీ, తోం, నం. ఇవి మాటలు కావు, వేలిగుర్తులు. ఏ వేలు ఎక్కడ పడాలో చెప్పే గుర్తులు. నాట్యం నేర్పే నట్టువనారు కర్రమీద తాళం వేస్తూ తక, తై అంటాడు. అవి కాలిగుర్తులు. తానం వాయించే వైణికుడి తంత్రిమీద అనంతం, తానం అన్నట్టు వినపడేది మరొకటి. వేలిదీ, కాలిదీ, తీగదీ, ఈ మూటినీ గొంతు అప్పు తెచ్చుకుని రాగంలో ముంచితే తిల్లానా. అందుచేతనే అది వినేవాళ్ళ పాదాలు ఊరుకోవు. అది పుట్టింది చేతుల్లోనూ కాళ్ళలోనూ.

దీనిలో లెక్క కూడా ఒకటి ఉన్నది. లెక్క అనగానే పేజీ తిప్పకండి, పాలవాడి లెక్కకన్న సులువు. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. ఒక్కొక్కదానికి నాలుగేసి మాత్రలు పెట్టుకుంటే ఒక ఆవర్తానికి 32. ‘తదిగిణతోం’ అనే ముక్కకు ఐదు మాత్రలు. దాన్ని మూడుసార్లు అంటే 15. మధ్య రెండుచోట్ల ఒక్కొక్క మాత్ర ఊపిరి పీల్చుకుంటే 17. కాబట్టి పాడేవారు 15 మాత్రలు వదిలేసి, పదహారోదానిమీద ఎత్తుకున్నారనుకోండి. మూడో ‘తోం’ సరిగ్గా ముప్ఫైరెండోదానిమీద పడి, మరుక్షణం తాళం మొదటి దెబ్బమీద పల్లవి వచ్చి కూచుంటుంది. వినేవాడికి ఈ లెక్క తెలియనక్కరలేదు. ఎక్కడో నడుమ దారి తప్పినట్టనిపించి, తప్పిపోయాడే అని మనం కంగారుపడే వేళకు ఇంటి గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు. తిల్లానాలోని ఉత్సాహమంతా ఈ దాగుడుమూతల్లో ఉన్నది.

ఇక పేరు సంగతి. తిల్లానా అన్న మాటకు తెలుగులో గాని సంస్కృతంలో గాని ధాతువు కనపడదు. ఉత్తరాదిని హిందూస్థానీ గాయకులు పాడే ‘తరానా’ అనే రచన ఒకటి ఉన్నది. అందులోనూ ఇల్లాంటి శబ్దాలే, ఇదే వేగం. తబలా, పఖవాజుల బోలులు, సితారు మీటుకు గుర్తులైన ‘దిర దిర’, ‘దార’లు. తరానా అన్నది పారసీ మాట. అర్థం పాట అనే. అదే దక్షిణాదికి వచ్చి నాలుక తిరగక తిల్లానా అయిందని చాలామంది పండితుల అభిప్రాయం.

ఈ తరానాను సృష్టించినవాడు అమీర్ ఖుస్రో అని ఉత్తరాది సంప్రదాయం. ఆయన 1253లో పుట్టి 1325లో పోయిన మహాకవి. ఢిల్లీ సుల్తానుల కొలువులో ఉండేవాడు. దీనిమీద కథ ఒకటి చెబుతారు. గోపాలనాయకుడనే దక్షిణాది గాయకుడు అల్లావుద్దీన్ ఖిల్జీ కొలువులో పాడుతూంటే ఖుస్రో సింహాసనం కింద దాగి విన్నాడట. రాగం పట్టుబడింది గాని సంస్కృతం పట్టుబడలేదు. మరునాడు తన వంతు వచ్చినప్పుడు మాటలకు బదులు తోచిన అక్షరాలు వేసి అదే రాగం పాడి గెలిచాడట. కథ బాగున్నది. సింహాసనం కింద మనిషి పట్టేంత జాగా ఉంటుందా అని అడిగితే కథలు నిలవవు.

ఈ అక్షరాలకు అర్థం లేదనడాన్ని ఒప్పుకోని మహానుభావుడు ఒకడున్నాడు. ఇందోర్ ఘరానా గాయకుడు ఉస్తాద్ అమీర్ ఖాన్. 1912లో పుట్టి, 1974లో పోయాడు. ఈయన తరానా కోసం ఏళ్ళ తరబడి శ్రమించాడు. ఇవి ఉత్త శబ్దాలు కావు, సూఫీల పారసీ మాటలు అరిగి అరిగి మిగిలిన ముక్కలు అని ఆయన వాదం. ‘దర్’ అంటే పారసీలో లోపల. ‘తన్’ అంటే దేహం. ‘దానీ’ అంటే నీకు తెలుసు. ‘యలా’, ‘యలీ’లు దేవుణ్ణి పిలిచే పిలుపుల అవశేషాలు. ఈ దృష్టితో వింటే, దేహంలోపల ఉన్నవాడు నీకు తెలుసు గదా అని గాయకుడు ఎవరితోనో గుసగుసలాడుతున్నట్టే ఉంటుంది. ఆయన తన తరానాల అంతరాలలో పారసీ పద్యాలు కూడా పెట్టి పాడేవాడు. మన తిల్లానా చరణంలో సాహిత్యం వస్తుందే, అల్లాగే.

ఇంతవరకు విని, “ఐతే ఇది తురకల పాటా?” అని అడిగేవారు కొందరుంటారు. “కాదు, అంతా మన వేదాల్లోనే ఉంది” అనే వారు మరి కొందరు. ఇద్దరికీ దణ్ణం పెట్టి అసలు సంగతి చెబుతాను. పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’ రాశాడు. ఆనాటి పాటకు ప్రబంధమని పేరు. ప్రబంధానికి ఆరంగాలు చెప్పాడాయన: స్వరం, బిరుదం, పదం, తేనకం, పాటం, తాళం. వీటిలో పాటమంటే మనం పాడే పాట కాదు, మద్దెల అక్షరాలు. తేనకమంటే ‘తేన, తేన’ అనే మంగళధ్వని. తత్ అనే బ్రహ్మవాచకంనుంచి వచ్చింది గనక మంగళమని ఆయన వివరణ. కేవలం చేతిదెబ్బల అక్షరాలతోనే అల్లే కైవాడమనే ప్రబంధం కూడా ఆ గ్రంథంలో ఉన్నది. అంటే మద్దెల అక్షరాలను గొంతుతో పాడడం మనకు ఎవరో వచ్చి నేర్పవలసిన విద్య కాదన్నమాట.

నాకు తోచినది ఇది: పేరు ఉత్తరాదినుంచి వచ్చింది. సరుకు ఇంట్లో ఉండనే ఉన్నది. వచ్చిన పేరు ఇంట్లోని సరుకును లేపి నిలబెట్టి కొత్త బట్టలు కట్టింది. పాటలు పొరుగింటి పచ్చళ్ళవంటివి. గిన్నె ఎవరిదో, ఊరగాయ ఎవరిదో ఆరు నెలలయ్యాక ఎవరికీ గుర్తుండదు.

ఈ రెండూ కలుసుకున్న ఊరు తంజావూరు. అక్కడ 1676 మొదలు 1855 వరకు రాజ్యం చేసినవారు మరాఠీలు. ఊరి ప్రజలది అరవం. కొలువులో పాటలకు పెద్దపీట మాత్రం తెలుగుకే. హిందూస్థానీ గాయకులకు కూడా అక్కడ ఆదరణ ఉండేది. ఇన్ని భాషలు ఒక్క మండపంలో కూచున్నచోట మాటలు లేని పాట పెంపు పొందిందంటే ఆశ్చర్యమేముంది? అర్థం కాలేదని అలిగేవాడు ఒక్కడూ ఉండడు గదా.

1739నుంచి 1763 వరకు ఏలిన ప్రతాపసింహుని కాలంలో మేలట్టూరు వీరభద్రయ్య అనే తెలుగువాడు ఉండేవాడు. మేలట్టూరంటే భాగవతమేళాలకు పేరుపడిన ఊరు. నేటికీ అరవదేశం నడిబొడ్డున తెలుగు నాటకాలాడే ఊరు. స్వరజతులు, దరువులతోపాటు తిల్లానాలు కట్టిన తొలితరం వారిలో ఈ వీరభద్రయ్య పేరే చెబుతారు. తర్వాత శరభోజి కాలానికి చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అనే నలుగురు అన్నదమ్ములు వచ్చారు. మా పిల్ల చీటీమీద ఉన్న ఆ ఏడు పేర్ల వరస వారు తీర్చిన వరసే. వడివేలు తిరువాన్కూరు వెళ్ళి స్వాతి తిరునాళ్ మహారాజు కొలువులో చేరాడు. ఆ మహారాజు బతికింది ముప్ఫైమూడేళ్ళు, 1813నుంచి 1846 వరకు. ఆయన ధనాశ్రీ రాగంలో కట్టిన తిల్లానా నేటికీ పాడుతున్నారు. రాగం ఉత్తరాదిది, సాహిత్యం హిందీ, కట్టినవాడు మలయాళ రాజు. ఆ పాట విన్నప్పుడు ఎవరిది ఎంత అని పంపకాలు పెట్టే ఓపిక నాకు లేదు.

తిల్లానా పాడడం సులువేననుకునేవారికి మహావైద్యనాథయ్యరు తిల్లానా ఒకటి చూపించాలి. ఆయన 1844 - 1893 మధ్య జీవించినవాడు. కానడ రాగంలో సింహనందన తాళంలో ఒక తిల్లానా కట్టాడు. నూటయెనిమిది తాళాల్లోకెల్ల పొడుగైన తాళం సింహనందనం. ఒక్క ఆవర్తానికి 128 అక్షరాలు. అంటే ఆదితాళం పదహారుసార్లు తిరిగితే ఈ తాళం ఒక్కసారి తిరుగుతుందన్నమాట. చేత్తో తాళం వేసేవాడికి మధ్యలో తుమ్ము వస్తే గతి ఏమిటా అని నాకెప్పుడూ సందేహం.

మనవాళ్ళలో దీన్ని పిల్లలకు కూడా చేరువ చేసిన ఘనత మంగళంపల్లి బాలమురళీకృష్ణగారిది. తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో 1930లో పుట్టి, బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర నేర్చి, 2016లో పోయేదాకా పాడుతూనే ఉన్నారు. కథనకుతూహలంలోనూ బృందావనిలోనూ ఆయన కట్టిన తిల్లానాలు ఎంతమంది నర్తకుల అరంగేట్రాలు గట్టెక్కించాయో లెక్కలేదు. అదే ఏడు పుట్టిన లాల్గుడి జయరామన్ గారు వయొలినుమీద కూచుని కట్టిన తిల్లానాలు మరొక గనె.

సీరియల్ నవలలు ఇష్టపడే మన పాఠకులకు ఇంకొక ముచ్చట. ‘తిల్లానా మోహనాంబాళ్’ అన్న పేరు విన్నారు గదా? అది మొదట అరవ వారపత్రిక ‘ఆనంద వికటన్’లో కొత్తమంగళం సుబ్బు రాసిన సీరియల్. వారం వారం దానికోసం అరవనాట ఇల్లిల్లూ ఎదురుచూసేది. 1968లో శివాజీ గణేశన్, పద్మినిలతో సినిమాగా వచ్చింది. నాదస్వరంవాడికీ నాట్యకత్తెకూ పంతం, ఆ పంతం తేలేది తిల్లానాలో. తెరమీద శివాజీ నాదస్వరం పట్టుకున్నాడు గాని, వాయించినవారు మదురై సేతురామన్, పొన్నుస్వామి సోదరులు.

ఐతే మా పిల్ల వాక్యం సంగతి? “అర్థం లేని శబ్దాలతో కూడిన పాట” అని రాస్తే నిజమే అవుతుంది, కాని ఆ నిజంలో పస లేదు. అర్థం లేనివి మనింట్లో ఎన్ని లేవు? తల్లి పాపను ఊపుతూ జోజో అంటుంది. జోజోకు ఏ నిఘంటువులో ఏ అర్థం చూస్తుంది పాప? బుర్రకథ చెప్పేవాడి పక్క వంతలు తందాన తాన అంటారు. ఆ తందాన లేకపోతే కథ కుంటుతుంది. పడవవాళ్ళ హైలెస్సా మాటేమిటి? వాటికి అర్థం లేకపోవచ్చు. పని ఉన్నది.

ఈ మాటే పెద్ద పెద్దవాళ్ళు ఇంకా చక్కగా చెప్పారు. 1975లో మద్రాసు తమిళ ఇసై సంఘంలో అధ్యక్షోపన్యాసమిస్తూ బాలసరస్వతి నాట్యకచేరీని దేవాలయంతో పోల్చింది. అలారిపు గోపురం. జతిస్వరం, శబ్దం మండపాలు. వర్ణం దాటితే గర్భగుడి దగ్గరి ప్రశాంతి, అదే పదం. చివరి తిల్లానా ఏమిటంటే, గంటలూ మేళతాళాలూ ఒక్కసారిగా మోగుతుండగా వెలిగించే కర్పూర హారతి అన్నది. హారతికి అర్థం అడగం. కళ్ళకద్దుకుంటాం.

బాలసరస్వతి పుట్టింది అనాదిగా పాటా ఆటా వృత్తిగా ఉన్న కుటుంబంలో. ఆమె అమ్మమ్మ వీణ ధనమ్మాళ్. ఇటువంటి స్త్రీల గొంతుల్లోనూ కాళ్ళలోనూ నిలిచే ఈ తిల్లానాలు, జావళులు, పదాలు మనదాకా వచ్చాయి. 1930ల తర్వాత పెద్దింటి పిల్లలు ఈ విద్య నేర్వసాగారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ అర్పణను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆడపిల్లల్ని గుడికి అంకితమిచ్చే ఆచారం పోవలసిందే, పోయింది. మంచిదే. కాని ఆచారంతోపాటు ఆ స్త్రీల పేర్లు కూడా పోయాయి. పాట మాత్రం మన హాల్లోకి వచ్చి సోఫామీద కూచున్నది.

అరంగేట్రానికి రెండు రోజుల ముందు నేను ఈ సంగతులన్నీ అత్తయ్య ముందు ఏకరువు పెట్టాను. అంతా విని, అప్పుడు చెప్పింది తన సంగతి.

1943లో, శ్రీకాళహస్తి దగ్గర మా తాతగారి ఊళ్ళో వాళ్ళ చిన్నాన్న పెళ్ళి. అయిదు రోజుల పెళ్ళి. మా అత్తయ్యకు తొమ్మిదేళ్ళు. మూడో నాటి రాత్రి పందిట్లో భోగంమేళం పెట్టించారు. మగవాళ్ళు కింద పందిట్లో, ఆడవాళ్ళు మిద్దెమీద. పిట్టగోడకు గడ్డం ఆనించి చూసిందిట. ఆడిన ఆమె పడుచుది కాదు, నలభై దాటి ఉంటుంది, కాస్త భారీ మనిషి. కూచుని పదాలు పాడినంతసేపూ పిల్లలందరూ నిద్రపోయారు. అర్ధరాత్రి వేళ ఆమె లేచి గజ్జెలు సవరించుకుని తిల్లానా ఎత్తుకున్నది.

“ఆ మనిషి బరువంతా ఏమైపోయిందో నాకు తెలియదురా. పందిరి గుంజలు కూడా ఆడుతున్నట్టే అనిపించింది. రెండుసార్లు విన్నాను, అక్షరాలన్నీ వచ్చేశాయి. ఇంతలో మా అమ్మ వచ్చి, ఇంకా నిద్రపోలేదూ అని రెక్క పట్టుకు లాక్కుపోయింది.”

మరునాడు పొద్దున్న బావి దగ్గర చేద లాగుతూ అవే అక్షరాలు చిన్నగా పాడుకున్నదిట. వెనకనుంచి వాళ్ళ తాతగారు వచ్చి చెంపమీద ఒక్కటి వేశారు. భోగంవాళ్ళ పాట నా ఇంట్లో పాడతావా అని. చేద చేజారి బావిలో పడింది.

“ఆయనే పిలిపించారురా వాళ్ళను. ముందు వరసలో తివాచీమీద కూచున్నది ఆయనే. పోనీ, నేను పాడింది ఏ బూతుమాటో ఐతే సరేననుకుందును. దానికి అర్థమే లేదని మీరంటున్నారు గదా. మరి నేను తిన్న దెబ్బ దేనికిరా?”

నేనేమంటాను? నాలుగు రోజులు చదివిన పుస్తకాల్లో దీనికి జవాబు లేదు.

ఆ తర్వాత అత్తయ్య ఆ పాట పైకి పాడలేదు. పెళ్ళిచూపుల్లో పాడమంటే త్యాగరాజు కీర్తన పాడింది. రేడియోలో ఎన్నో తిల్లానాలు విన్నది గాని, ఆనాటిది మళ్ళీ ఎక్కడా వినపడలేదుట. అరవైమూడేళ్ళు లోపలే పెట్టుకున్నది.

“ఏదీ, ఇప్పుడు పాడు” అన్నది మనుమరాలు.

“నీ మొహం. ఈ వయస్సులోనా?” అని అత్తయ్య సిగ్గుపడింది. సాయంత్రం నాట్యం చెప్పే గురువుగారు వచ్చినప్పుడు పిల్ల ఊరుకోలేదు. బలవంతపెట్టి పాడించింది. గొంతు వణికింది. అక్షరం మాత్రం ఒక్కటీ తప్పలేదు. తొడమీద వేస్తున్న తాళం తప్పలేదు. గురువుగారు కొంచెంసేపు విని తనూ తాళం అందుకున్నది. “రాగం బేహాగ్‌లా ఉందమ్మా. ఆదితాళం. ఎంత చక్కగా ఉంది! నేనెప్పుడూ వినలేదు. చరణం కూడా పాడండి” అన్నది.

“చరణం రాదమ్మా. అక్కడికే మా అమ్మ లాక్కుపోయింది.”

“అయ్యో, చరణంలోనేగదండీ ముద్ర. అది లేకపోతే ఎవరిదో ఎల్లా తెలుస్తుంది?”

అత్తయ్య ఏమీ అనలేదు. గురువుగారు మాత్రం ఉన్నంతవరకు స్వరపరిచి కాగితంమీద రాసుకున్నది. రాసుకుని, పైన రచయిత పేరు ఉండవలసినచోట ఒక గీత గీసింది.

నా ఏడో వాక్యం ఇంకా ఖాళీగానే ఉన్నది. ఏం రాయమంటావు అత్తయ్యా అని అడిగితే, “ఇది తిల్లానా, వినండి అని రాయి. చాలు” అన్నది. అదే రాశాను. సభలో చదివిన అమ్మాయి మరీ చిన్నదిగా ఉందనుకున్నదో ఏమో, తనే ఇంకో రెండు ముక్కలు కలిపి చదివింది.

ఆ సాయంత్రం అత్తయ్యను ముందు వరసలో కూచోబెట్టాం. నేను పక్కన కూచున్నాను. పిల్ల వర్ణంలో ఒకచోట తడబడింది. పదం బాగా చేసింది. తిల్లానా వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది. అది వేరే తిల్లానాయే, అత్తయ్యది కాదు. ఐనా మొదటి జతికే అత్తయ్య చెయ్యి తొడమీద లేచింది. పల్లవి, అనుపల్లవి అయ్యాయి. చరణం ఎత్తుకోగానే తాళం ఆపి, ముందుకు వంగి చెవి ఒగ్గి విన్నది. సాహిత్యం పూర్తికాగానే నా మోచెయ్యి పట్టుకుని, “ఎవరిదిట?” అన్నది.

చెప్పాను. తల ఊపి, మళ్ళీ తాళం అందుకున్నది.